మందపాలుడి దిగులు

లాస్ ఏంజిలస్‌లో జనవరి ఉదయం పదిన్నర అంటే హోసూరులో సరిగ్గా అర్ధరాత్రి. చలికాలంలో వాళ్ళకూ మనకూ పదమూడున్నర గంటల తేడా. 2025 జనవరి 7న ఆ నగరం పడమటి కొసన, పసిఫిక్ పాలిసేడ్స్ కొండల్లో మంట లేచేసరికి హోసూరు మంచి నిద్రలో ఉంది. అదే సాయంత్రం ఆరుంబావు దాటాక రెండో మంట ఈటన్ లోయ దగ్గర అంటుకుంది. మనకది 8వ తేదీ పొద్దున, ఎనిమిదికి కాస్త ముందు, పాలు పొంగే వేళ. మా తమ్ముడి ఇల్లు ఆ రెండో మంట వైపు, పాసడీనా దాటి ఆల్టడీనా అనే ఊరు మొదలయ్యే చోట.

ఆ పొద్దున టీవీలో మొదటి మంట గురించే చెబుతున్నారు. అమ్మ అడిగింది, "అది వాడింటికి ఎంత దూరమురా?"

"హోసూరుకీ కృష్ణగిరికీ ఎంతనో అంతమ్మా."

అమ్మకు తెలిసిన కొలత అది. శూలగిరి దాటాలి, బస్సు దిగేసరికి నడుము పట్టేస్తుంది. అంత దూరం మంట నడిచి రాదని ఆవిడ లెక్క. నా లెక్కా అదే. కాఫీ చల్లారేలోపు తమ్ముడి మెసేజ్ వచ్చింది. ఇంటి వెనక కొండ మీద ఎర్రగా కనపడుతోందట. కింద ఒక లింకు, దాని కింద ఒక వాక్యం: "ఇది చూస్తూండు అన్నా, నన్ను అడగద్దు."

ఆ లింకు వాచ్ డ్యూటీ అనే యాప్‌ది. లాభాపేక్ష లేని సంస్థ నడుపుతుంది. ఫైరింజన్ల రేడియో మాటలు వింటూ, మంట ఎక్కడుందో, ఏ వీధులు ఖాళీ చేయమన్నారో మ్యాపు మీద ఎక్కించే పని కొందరు మనుషులు చేస్తారు. వాళ్ళలో రిటైరైన అగ్నిమాపక సిబ్బందీ ఉంటారు. దానితో పాటు నాసావాళ్ళ మంటల మ్యాపు ఒకటి తెరిచాను. భూమ్మీద ఎక్కడ వేడి ఎక్కువగా ఉంటే అక్కడ చుక్క పెడుతుంది. ఒక్కో చుక్క కింద నేల దాదాపు 375 మీటర్ల చదరం. మా వీధి ఈ మొదలు నుంచి ఆ చివరిదాకా, అటు రెండు వీధులు, ఇటు రెండు వీధులు, అన్నీ కలిసి ఒక చుక్క. ఆ చుక్కలో ఏ ఇల్లు నిలిచిందో ఏది పోయిందో ఉపగ్రహానికి తెలియదు. నాకు కావలసింది మాత్రం ఒకే ఒక్క ఇంటి సంగతి. వేలితో మ్యాపును పెద్దది చేస్తూ పోయాను. చుక్క పెద్దదయింది గానీ అందులో కొత్త సంగతేమీ లేదు.

చూస్తూ ఉంటే ఏదో చేస్తున్నట్టే ఉంటుంది. రెండు నిమిషాలు ఫోను పక్కన పెడితే కాపలా వదిలి వచ్చినట్టు గుండె జలదరిస్తుంది. మనం చూడడం వల్ల అక్కడ ఒక్క ఆకు కూడా కాలకుండా ఆగదని తెలుసు. అయినా కన్ను తిప్పితే తప్పు. ఈ కాపలాకు జీతం లేదు, అధికారం లేదు, షిఫ్టు అయిపోవడమూ లేదు.

ఆ రాత్రి గాలి మామూలు గాలి కాదు. ఎడారి వైపు నుంచి కొండలు దిగి సముద్రం వైపు కొట్టే పొడిగాలి, సాంటా ఆనా అంటారు. మంట మీద నీళ్ళు పోయాల్సిన విమానాలనే అది కిందికి దింపించింది. మన అడవిలో నిప్పు చాలావరకు నేలబారున, ఎండుగడ్డిలో, రాలిన ఆకులో పాకుతుంది. అక్కడ నిప్పురవ్వ ఎగిరి ఎంతో దూరాన ఉన్న ఇంటి చూరు కింద గాలి వెళ్ళే జల్లెడలో దూరి లోపలినుంచి అంటిస్తుంది. చెట్టు పచ్చగానే ఉంటుంది, దాని పక్క ఇల్లు బూడిదై ఉంటుంది. తమ్ముడు బయల్దేరే ముందు చేసిన చివరి పని నిచ్చెన వేసుకుని చూరుకాలవలో ఎండాకులు తీయడం. వాడి భార్య కిందినుంచి అరుస్తూనే ఉందట, ఆకులు కాదు ముందు పాస్‌పోర్టులు తియ్యమని.

వాళ్ళు ఆదేశం కోసం కూర్చోలేదు. రాత్రి ఎనిమిదికల్లా బండెక్కి సెరిటోస్‌లో స్నేహితుడి ఇంటికి చేరుకున్నారు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పుడూ ఒళ్ళు చల్లబడుతుంది. ఎందుకంటే ఆల్టడీనాలో లేక్ అవెన్యూకు పడమట ఉన్నవాళ్ళకు ఖాళీ చేయమన్న ఆదేశం తెల్లవారుజామున మూడున్నర ప్రాంతంలో గానీ రాలేదు. మంట లేచి అప్పటికి తొమ్మిది గంటలు. ఈటన్ మంటలో పోయినవాళ్ళు దాదాపు అందరూ ఆ పడమటి వైపు వాళ్ళే, ఎక్కువమంది ముసలివాళ్ళు. ఆ తొమ్మిది గంటలూ నా మ్యాపులో ఆ వీధులకు రంగు లేదు. రంగు లేని చోట భయం లేదని నేను ఊరికే నమ్ముతూ కూర్చున్నాను. అక్కడ ఎవరి పెద్దమ్మ, ఎవరి తాత నిద్రపోతున్నారో వాళ్ళ పిల్లలు కూడా వేరే ఊళ్ళనుంచి అదే మ్యాపు చూసి ఉంటారు. రెండు మంటలూ కలిసి 16 వేలకు పైగా కట్టడాలను, 31 మందిని మింగాయి.

ఇక ఫోన్లు. బాగలూరునుంచి ఒకరు, రాయకోటనుంచి ఒకరు, బెంగుళూరునుంచి ఇద్దరు, అందరూ నేరుగా వాడికే. బండి నడుపుతున్నవాడు ఒక చేత్తో అందరికీ ధైర్యం చెప్పాలి. "ఏమీ కాలేదు పిన్నీ, ఊరికే పొగ." మంట ముందర నిలబడినవాడే మనల్ని ఓదార్చాలి, ఇదేం న్యాయం? పైగా ఫోను చార్జింగు ఎంతుందో ఎవరికీ పట్టదు. అందుకని పొద్దున పదికల్లా నేనొక హుకుం జారీ చేశాను: వాడికి ఎవరూ చేయద్దు, నేనొక్కణ్ణే మెసేజ్ పెడతా, సంగతి నా దగ్గరే కనుక్కోండి. అమ్మ సరేనంది. ఉద్దనపల్లి మామ ఏమీ అనకుండా ఫోను పెట్టేశాడు.

మన దిగులు మన సొత్తు అని అప్పుడు గట్టిగా అనిపించింది. దాన్ని మనమే మోయాలి. పరుగెత్తుతున్నవాడి నెత్తిన పెట్టి, నువ్వు కాస్త పట్టుకో, నాకు భారంగా ఉంది అనడం ప్రేమ కిందికి ఎలా వస్తుంది?

అదే రోజు రాత్రి దిగులు దిక్కు మార్చుకుంది. తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం గుమిగూడిన చోట తొక్కిసలాట జరిగింది, ఆరుగురు పోయారు. మా వైపునుంచి తిరుపతికి పోయేవాళ్ళు ప్రతి ఏడూ ఎంతమందో. టీవీలో ఆ వార్త ఇంకా పూర్తిగా రాకముందే సెరిటోస్‌నుంచి ఫోను. అక్కడ పొద్దున ఎనిమిదిన్నర. వాడు నిద్రపోలేదని గొంతులోనే తెలుస్తోంది. ఇల్లు ఉందో లేదో వాడికే తెలియదు. "అన్నా, చిన్నమ్మావాళ్ళు తిరుపతికి పోయినారా? ఫోను తీయడం లేదు."

చిన్నమ్మావాళ్ళు పోలేదు, ఫోను వంటింట్లో పెట్టి మరిచారు, అంతే. కానీ ఆ మాట వినేదాకా వాడి గొంతులో ఉన్నది పొద్దున నా గొంతులో ఉన్నదే. ఇల్లు కాలుతున్నవాడు మన క్షేమం అడగడం విడ్డూరంగా తోచింది మొదట. తర్వాత అనుకున్నాను, వాడికి ఆ రోజు చేతిలో ఉన్న పని కూడా దిగులే కదా. పరాయి ఇంటి సోఫా మీద కూర్చుని ఇంకేం చేస్తాడు?

మంటకు దూరంగా ఉండి తనవాళ్ళ కోసం కుమిలిన మొదటి మనిషిని మన సాహిత్యంలో వెతకాలంటే ఆదిపర్వం చివరికి పోవాలి. నన్నయ ఆదిపర్వం ఖాండవదహనంతో ముగుస్తుంది. అందులో మందపాలుడి కథ ఉంది. అర్జునుడి బాణాలు, ఇంద్రుడి వాన మధ్య అది చాలామంది కంట పడదు.

మందపాలుడు ముని. సంతానం లేదని పైలోకంలో చోటు దొరకలేదు. పిల్లల కోసం శార్‌ఙ్గక పక్షి రూపం ఎత్తి జరిత అనే ఆడపక్షితో ఖాండవంలో కాపురం పెట్టాడు. నలుగురు పిల్లలు గుడ్లలో ఉండగానే ఆమెను వదిలి లపిత అనే ఇంకో పక్షి వెంట పోయాడు. అగ్ని అడవిని కాల్చడానికి బయల్దేరడం చూశాక మాత్రం ప్రాణం కొట్టుకుంది. స్తోత్రం చేసి, పిల్లల జోలికి రానని అగ్నితోనే మాట పుచ్చుకున్నాడు. సాక్షాత్తూ మంటే ఇచ్చిన హామీ. ఏ యాపు ఇస్తుంది అలాంటిది?

అయినా దిగులు పోలేదు. లపిత ఊరుకుంటుందా, ఎత్తిపొడిచింది. అగ్ని మాట ఇచ్చాక పిల్లల గురించి భయమెందుకు, నీ మనసు జరిత మీదికి పోయింది, అందుకే ఈ ఏడుపు అని. ఆ ఎత్తిపొడుపులో సగం అసూయ, సగం నిజం. దూరంగా ఉన్నవాడి దిగులులో ఎన్ని కలుస్తాయో ఆమెకు తెలుసు. పోయిన బంధం కలుస్తుంది, పక్కన లేనన్న తప్పు కలుస్తుంది, వాళ్ళు నావాళ్ళని మళ్ళీ ఒకసారి చెప్పుకోవాలన్న ఆశా కలుస్తుంది.

అడవిలో మరోరకం సంభాషణ నడుస్తోంది. ఎలుక కన్నంలో దూరమని జరిత పిల్లలకు చెబుతుంది, ఎలుకను డేగ ఎత్తుకుపోవడం నా కళ్ళతో చూశానంటుంది. రెక్కలు రాని పిల్లలు ఒప్పుకోరు. కన్నంలో ఇంకో ఎలుక ఉంటే చావు ఖాయం, మంటైతే గాలి తిరిగి రాకపోనూవచ్చు, నువ్వు ఎగిరిపో అమ్మా, బతికుంటే మళ్ళీ పిల్లలు పుడతారు అంటారు. గాలి మీద అంత స్పష్టంగా లెక్క వేసినవాళ్ళను నేను ఆ రోజు టీవీలో కూడా చూడలేదు. తల్లి ఏడుస్తూ ఎగిరిపోతుంది. అగ్ని దగ్గరికి వస్తే ఆ నలుగురే నోరు తెరిచి స్తుతించి బతుకుతారు.

అంతా చల్లారాక తండ్రి వస్తాడు. ఎవరూ పలకరు. పెద్దవాడెవరు, వాడి తర్వాతివాడెవరు అని అడుగుతాడు, గుడ్డు పగలక ముందే పోయినవాడికి ఎలా తెలుస్తుంది? నీకెందుకు ఆ లెక్క అంటుంది జరిత. మీకోసం నేను ముందే అగ్నితో మాట్లాడి పెట్టానని చెప్పుకుంటాడు చివరికి. ఆ మాట అబద్ధమూ కాదు. కానీ మంట ముందర నిలబడినవాళ్ళకు అది అప్పుడు తెలియదు, తెలిసినా వాళ్ళు చేసిన పని తగ్గదు.

మా ఇంట్లో దూరం పోయినవాడు తమ్ముడు, ఉన్న ఊళ్ళోనే ఉన్నవాణ్ణి నేను. ఆ పొద్దున మాత్రం మందపాలుడి వేషం నాది. రాత్రికి వాడిది.

వాడి ఇల్లు నిలిచింది. మూడిళ్ళ అవతల వీధి మొత్తం పోయింది. గోడల్లో పొగ కంపు, పరుపుల్లో మసి, బీమావాళ్ళతో ఉత్తరాల యుద్ధం, అవన్నీ ఇక్కడ చెప్పేంత ఆసక్తికరం కాదు. ఒకటి మాత్రం చెప్పాలి. జనవరి 9 సాయంత్రం నాలుగింటికి ఆ జిల్లాలోని దాదాపు కోటిమందికి ఖాళీ చేయండని ఫోన్లలో హెచ్చరిక మోగింది. ఒక చిన్న ప్రాంతానికి పంపాల్సింది పొరపాటున అందరికీ పోయింది. మనకది వైకుంఠ ఏకాదశి తెల్లవారుజాము అయిదున్నర, అమ్మ గుడి వరుసలో నిలబడి ఉంది. వాడు అప్పుడు నాకు చెప్పలేదు. వారం పోయాక చెప్పాడు. నేను అమ్మకు ఇప్పటికీ చెప్పలేదు.

ఈ మధ్య వాడు నాసా మ్యాపులో మా ప్రాంతం మీద ఓ కన్ను వేసి పెట్టాడు. మాఘం దాటితే దేన్‌కనికోట, అంచెట్టి అడవులు ఎండుతాయి. లంటానా పొదలు గన్‌పౌడరులా ఉంటాయి. పశువులకు కొత్త గడ్డి మొలవాలని ఒకడు, బీడీ ముక్క పారేసి ఒకడు, ఏదో రకంగా నిప్పు పడుతుంది. అటవీశాఖ ఎండాకాలానికి కూలికి పెట్టుకునే కాపలావాళ్ళు పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పుతారు. వాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళు ఏ మ్యాపూ లేకుండా, కొండ మీద పొగ ఎటు వంగుతుందో చూసి రాత్రి వంట మొదలుపెడతారు. తమ్ముడు ఫోను చేస్తాడు: "అన్నా, తళి వైపు నాలుగు చుక్కలు కనపడతాండాయి." చెరకు ఆకు కాలుస్తున్నారురా అంటాను. ఆ మ్యాపుకు అడవి మంటా, ఆకు మంటా ఒకటే. వాడు నమ్మడు. నేనైతే నమ్మేవాణ్ణా?

కిందటి సెలవుల్లో వాడు వచ్చినప్పుడు ఒక పూట తీరిగ్గా కూర్చుని అడిగాడు, "అవునన్నా, ఆ రోజు అందరూ చేసినారు, ఉద్దనపల్లి మామ ఒక్కసారన్నా చేయలేదే?" నేను నా హుకుం సంగతి చెప్పాను. వాడు తల ఊపాడు, మంచి పనే చేశావన్నాడు. ముఖం మాత్రం ఆ మాట అనలేదు. బండి నడుపుతూ అన్ని ఫోన్లకూ విసుక్కున్నవాడు, రాని ఫోనును లెక్కపెట్టుకుని ఉన్నాడు.

నేను చేసింది సరే అని ఇప్పటికీ అంటాను. మామ ఒప్పుకోడు. మొన్న శూలగిరిలో ఎదురుపడితే మళ్ళీ ఎత్తుకున్నాడు. టమాటా బుట్టలు దించుకుంటూ, నలుగురి ముందర: "కాలింది వాడి ఊరు. వాణ్ణి అడిగేదానికి నీ పర్మిషన్ ఏలరా నాకు?"