ఎవరిదీ కాని పిల్లి

పెద్దమందడి లాంటి ఊళ్లో ‘ఈ పిల్లి ఎవరిది?’ అని అడిగితే సూటిగా జవాబు రాదు. వడ్ల బస్తాలు, పల్లికాయ మూటలు ఉన్న ఇంట్లో ఎలుకల్ని పట్టడానికి అది కావాలి. దాని ఈతలకు, మలానికి, జబ్బుకు మాత్రం యజమాని ఉండడు. సొంతం కాని ప్రాణితో పని చేయించుకుంటే, దానివల్ల వచ్చే ముప్పుకు పూచీ ఎవరిది? నన్ను వదలని ప్రశ్న ఇది.

ముప్పు లేదని అనలేం. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవిని 1908లో గుర్తించారు. అది పూర్తిగా ఎదిగి గుడ్లలాంటి రూపాల్ని వదిలేది పిల్లిజాతి పేగుల్లోనే. మలంతో బయటపడ్డ అవి ఒకటి నుంచి 5 రోజుల్లో సోకే స్థితికి వస్తాయి, తడి మట్టిలో నెలల తరబడి బతుకుతాయి. ఆరోగ్యవంతుల్లో చాలామందికి సోకిన సంగతే తెలియదు. గర్భిణికి మొదటిసారి సోకితే మాత్రం బిడ్డ మెదడుకు, కళ్లకు ప్రమాదం. ఇక పిల్లి కరిచినా గీరినా ‘పిల్లే కదా’ అని ఊరుకుంటాం. రేబిస్‌కు ఆ తేడా తెలియదు. 15 నిమిషాలు సబ్బుతో కడుక్కుని టీకాకు వెళ్లాల్సిందే.

అయితే పిల్లిని నిమిరితే టాక్సోప్లాస్మా వచ్చేస్తుందన్న భయం అతి. మట్టి, కడగని కూరగాయలు, సరిగా ఉడకని మాంసం అంతకన్నా పెద్ద దారులు. పిల్లి కూడా మామూలుగా మొదటిసారి సోకినప్పుడు కొన్ని వారాలే ఆ గుడ్లను వదులుతుంది. అంటే ముప్పు ఎక్కువున్నది అపార్ట్‌మెంటు మెట్ల మీద పాలు పోసే నాకు కాదు. ఉట్టి చేతులతో కలుపు తీసే కూలీకి, చెత్త ఎత్తే పారిశుధ్య కార్మికురాలికి. జాలి నాది, మట్టి వాళ్లది. ఈ లెక్క వేయకుండా జంతుప్రేమ గురించి మాట్లాడటం నాకు సబబుగా తోచదు.

అలాగని చంపేయడం జవాబా? 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకుల మండలం పొన్నకల్‌లో సుమారు 20 వీధికుక్కల్ని కాల్చి చంపారు. ఎవరివీ కాని ప్రాణుల మీద చెయ్యి ఎంత తేలిగ్గా లేస్తుందో అక్కడ కనిపించింది. పైగా పిల్లి పోతే ఎలుక మిగులుతుంది. దాని మూత్రంతో మడి నీళ్లలోకి లెప్టోస్పైరోసిస్ వస్తుంది. ఒక రోగాన్ని వెళ్లగొట్టి ఇంకోదానికి తలుపు తీయడమే అది.

అన్నం పెట్టేవాళ్లు టీకా, సంతాన నియంత్రణ ఆపరేషన్ కూడా చూసుకోవాలి. పంచాయతీ ఆ ఖర్చులో పాలు పంచుకోవాలి. చెత్త ఎత్తే చేతులకు గ్లౌజులు ఇవ్వాలి. పిల్లి మెడలో గంట కట్టేదెవరని ఎలుకలు అడిగితే అర్థముంది, వాటికది ప్రాణభయం. మనం అడిగితే అది తప్పించుకోవడమే.