పుట్టిల్లు తెలియని రాయి

నాయనా, ఆ వేలు కాసేపు వెనక్కి తీసుకో. నీ ఫోనులో మెరుస్తున్న ట్రైలోబైటును నేనూ చూశాను. నల్లని ఒళ్ళు, వెన్ను పొడవునా ముళ్ళు, కింద ఎర్ర అంకెల్లో తరిగిపోతున్న గడువు, పక్కనే "ఒక్కటే మిగిలింది" అన్న హెచ్చరిక. నీ కళ్ళలో ఆత్రమూ చూశాను. దాన్ని తప్పుపట్టను. కోట్ల ఏళ్ళ కిందటి ప్రాణి అరచేతిలోకి వస్తుందంటే గుండె కొట్టుకోని మనిషికి శిలాజాల పని అబ్బదు. అయితే ఆత్రపడి కొన్నవాటిలో కలకాలం దాచుకోదగినవి నా పెట్టెలో ఒక్కటీ లేవు. మోసపోయినవాణ్ణి, మోసం ఒకరి నుంచి మరొకరికి చేరడానికి తెలియక చేయి కలిపినవాణ్ణి కూడా. ఆ రెండు అనుభవాల బరువుతో ఈ మాటలు చెబుతున్నాను. చివరిదాకా విను.

మన దేవుడి అరలో సాలగ్రామం ఉంది కదా. నేపాల్‌లో ముక్తినాథ్ దగ్గర కాళీ గండకి నదిలో దొరికే నల్లరాయి అది. లోపలి చుట్టలు వజ్రకీటం తొలిచిన చక్రాలని పెద్దలు నమ్మారు. హిమాలయం లేవకముందు అక్కడున్న సముద్రంలో, సుమారు 15 కోట్ల ఏళ్ళ కిందట తిరిగిన అమ్మొనైట్ల అచ్చులవి అని భూగర్భ శాస్త్రం చెబుతుంది. ఏ మాట నమ్మినా సరే, ఒక కట్టుబాటు గమనించు. సాలగ్రామానికి వెల కట్టరాదన్నారు. అమ్మినవాడికీ కొన్నవాడికీ దోషమేనన్నారు. దానంగా ఇవ్వాలి, దానంగానే పుచ్చుకోవాలి. మా నాయనమ్మ ఆ రాయిని ఎవరికి చూపినా ముందు అది వచ్చిన దారి చెప్పేది. ఫలానావారు యాత్రకు వెళ్ళారు, ఫలానా ఏడు తెచ్చారు, ఫలానా ఇంటి నుంచి మనకు వచ్చింది అని. చక్రం ఎంత అందంగా ఉందో ఆమె నోటివెంట నేను ఎప్పుడూ వినలేదు. నిన్ను కొనడం మానమని అనను. వెల కట్టడం మొదలైన చోట పెద్దలు దేనికి భయపడ్డారో తెలుసుకుని కొను.

నీవు చూపినటువంటి ట్రైలోబైట్లు ఎక్కువగా వచ్చేది మొరాకో నుంచి. ఆంటీ అట్లాస్ కొండల దాపున ఎర్ఫూద్, రిస్సాని, అల్నిఫ్ ఊళ్ళ చుట్టూ, మండుటెండలో, సుమారు 40 కోట్ల ఏళ్ళ నాటి సున్నపురాయి పొర వెంబడి కందకాలు తవ్వుతారు. సుత్తితో రాయి పగలగొట్టినప్పుడు ప్రాణి ఒళ్ళు పగుల్లో సన్నని గీతగా మాత్రమే కనబడుతుంది. ఆ ముక్కలను మళ్ళీ అతికిస్తారు. తరువాత సూక్ష్మదర్శిని కింద కూర్చుని, గాలి ఒత్తిడితో అదిరే సన్నని ఉలితో, ఒక్కొక్క ముల్లు చుట్టూ రాతిని పొడిగా రాలుస్తారు. ముళ్ళున్న మంచి నమూనా ఒకటి బయటపడడానికి పదుల గంటలు పడతాయి. ఇప్పుడు నీ ఫోనులోని వెల చూడు. తవ్వినవాడి కూలి, చెక్కినవాడి కూలి, దళారి లాభం, సముద్రం దాటించిన ఖర్చు, ఇవన్నీ కలుపుకుని అది తొమ్మిది వందల రూపాయలకు ఎలా వస్తుంది? అది రాయి కాకపోయి ఉండాలి, లేదంటే ఎవరి కష్టానికో కూలి దక్కకపోయి ఉండాలి. ఎలా వచ్చినా అది నీ ఇంటి గడప దాటి లోపలికి రాకూడదు.

నేను మొదట కొన్నది అలాంటిదే. పాత వార్తాపత్రికలో చుట్టి పంపారు. చేత్తో పట్టుకుంటే బరువుగానే ఉంది, అడుగున ఉన్నది అసలు రాయే కాబట్టి. నెల రోజులు దాన్ని బల్ల మీద పెట్టుకుని మురిసిపోయాను. ఒకనాడు పదింతలు పెద్దగా చూపే భూతద్దం కింద పెట్టాను. వెన్ను గట్టు వెంట, అట్టు మీద పడే చిల్లుల్లాగా, గుండ్రని చిన్న చిన్న గుంటలు. పోత పోసినప్పుడు గాలిబుడగలు పగిలిన చోట్లవి. ప్రాణి ఒంటి మీద అలా పడవు. ఆ తరువాత కొన్నాళ్ళకు వేరే అమ్మకందారు పెట్టిన ఫోటో చూశాను. అదే ప్రాణి, ఎడమ వైపు మూడో ముల్లు సరిగ్గా అదే చోట విరిగి ఉంది. రాతిలో సమాధి అయిన రెండు ప్రాణులు ఒకే ముల్లును ఒకేలా విరగ్గొట్టుకోవు నాయనా. రెండూ ఒకే అచ్చులోంచి దిగినవి.

కాబట్టి కన్నుకు పని చెప్పు. ఫేకాప్స్ జాతి ట్రైలోబైటు కన్ను దగ్గరగా చూస్తే సీతాఫలం తొక్కలాగా ఉంటుంది. వరసలు వరసలుగా బొడిపెలు, ఒక్కొక్కటీ ఒక కటకం, కాల్సైటుతో ఏర్పడినది. నకిలీలో ఆ చోటు నున్నగా ఉంటుంది, లేదా గాట్లు గీసినట్లు ఉంటుంది. రాతిలో నడిచిన తెల్లని చార ప్రాణి ఒంటి మీదుగా కూడా సాగిందా చూడు. ప్రాణి అంచు దగ్గరికి వచ్చేసరికి చార ఆగిపోతే అనుమానించు. అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే జిగురు, పుట్టీ పూసిన చోట్లు చుట్టుపక్కల రాతికి భిన్నంగా వెలుగుతాయి. అంచుల ఫోటో, అడుగు ఫోటో, ఆ వెలుతురులో తీసిన ఫోటో అడుగు. అడిగితే కసురుకునేవాడి దగ్గర కొనకు.

ఇక్కడ ఒక న్యాయం కూడా చెప్పాలి. బాగుచేయడం నేరం కాదు. రాతిలోంచి నిండుగా, చెక్కుచెదరకుండా బయటికి వచ్చే శిలాజాలు అరుదు. మెగలొడాన్ సొరచేప పెద్ద పళ్ళలో చాలావాటికి వేరు భాగమో పైపూతో కొంత పూరించి ఉంటారు. ఆ మాట ముందే చెప్పి అమ్మితే అది నిజాయితీ గల బేరం. మొరాకోలోనే ఖురీబ్గా ఫాస్ఫేట్ గనుల్లో మోససార్ అనే సముద్రపు సరీసృపాల పళ్ళు విస్తారంగా దొరుకుతాయి. విడి పళ్ళను ఇసుక, జిగురు కలిపిన ముద్దలో వరసగా గుచ్చి దవడ అని అమ్ముతారు. పన్ను నిజం, దవడ అబద్ధం. అర్ధసత్యం చేసే కీడు ఇదే. నిజమైన భాగాన్ని చూపి మిగతాది నమ్మిస్తుంది. శిలాజంగా మారిన చెట్టు జిగురైన ఆంబర్ పేరుతో నిన్నమొన్నటి జిగురు అమ్మడమూ ఈ కోవలోదే.

చదువుకున్నవాళ్ళం, మనం మోసపోమని అనుకోకు. 1999లో అమెరికాలో జరిగినది గుర్తుపెట్టుకో. చైనాలోని లియావోనింగ్ నుంచి దొంగదారిన వచ్చిన ఒక పలక టుసాన్ రత్నాల సంతలో 80,000 డాలర్లకు అమ్ముడైంది. పక్షి ఒళ్ళు, డైనోసార్ తోక. రెండింటికీ నడుమ తెగిన లంకె దొరికిందని నేషనల్ జియోగ్రఫిక్ పత్రిక ఆ నవంబరులో ఆర్కియోరాప్టర్ అన్న పేరుతో లోకానికి చాటింది. చైనా శాస్త్రవేత్త షూ షింగ్‌కు ఆ తోకకు జోడీ పలక దొరికింది. దానిలో తోక వేరే ఒంటికి అతికి ఉంది. ఎవరో వేర్వేరు శిలాజాలను కలిపి జిగురు పెట్టారు, మంచి ధర వస్తుందని. నన్ను బాధించేది ఆ తరువాతి సంగతి. తోక మైక్రోరాప్టర్ అనే కొత్త డైనోసార్‌ది, ఒళ్ళు యానార్నిస్ అనే పురాతన పక్షిది. విడివిడిగా ఉంచితే రెండూ శాస్త్రానికి నిధులు. నిండైన బొమ్మ కావాలన్న కొనుగోలుదారు కోరికే ఆ జిగురును పూయించింది. విరిగినదాన్ని విరిగినట్లే ప్రేమించగలవా అని నిన్ను నీవు అడుగు. లేకపోతే రేపు నీ కోసం మరొకరు జిగురు కలుపుతారు.

రూపం అబద్ధమాడితే భూతద్దం పట్టిస్తుంది. చిరునామా అబద్ధమాడితే పట్టుకోవడం అంతకంటే కష్టం. మన దేశంలోనే, చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన వి.జె. గుప్తా అనే ఆచార్యుడు పాతికేళ్ళ పాటు హిమాలయ శిలాజాలంటూ వందల పత్రాలు ప్రచురించాడు. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త జాన్ టాలెంట్ 1989లో ఆ గుట్టు బయటపెట్టాడు. మొరాకోలోని ఎర్ఫూద్ దగ్గర దొరికేవాటిని, న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక వాగు దగ్గరివాటిని హిమాలయాల్లో దొరికినట్లు రాశారని తేలింది. శిలాజాలు నకిలీవి కావు, అసలైనవే. వాటి ఊరు మార్చారు, అంతే. దానితో హిమాలయాల మీద ఎందరో చేసిన పని అంతా మళ్ళీ జల్లెడ పట్టవలసి వచ్చింది. ఏ పొరలో పుట్టిందో తెలియని శిలాజం సాక్ష్యం చెప్పలేదు. పుట్టిల్లు తప్పుగా చెప్పిన శిలాజం దొంగసాక్ష్యం చెబుతుంది.

దొంగసొత్తు మాట కూడా విను. మంగోలియాలో శిలాజాలు దేశం సొత్తని 1924 నుంచే చట్టం ఉంది. అయినా గోబీ ఎడారి నుంచి వచ్చిన టార్బోసారస్ అస్థిపంజరం 2012లో న్యూయార్క్ వేలంలో పది లక్షల డాలర్లకు పైగా పలికింది. కస్టమ్స్ కాగితాల్లో దాని పుట్టినచోటు బ్రిటన్ అని రాశారు. మంగోలియా పోరాడి 2013లో దాన్ని ఇంటికి తెచ్చుకుంది. బ్రెజిల్‌లో 1942 నుంచి ఇలాంటి చట్టమే ఉంది. అక్కడి నుంచి జర్మనీ చేరిన ఉబిరజారా అనే చిన్న డైనోసార్ 2023లో తిరిగి వెళ్ళింది. మయన్మార్‌లోని కచిన్ ప్రాంతపు ఆంబర్ వెనుక సైన్యానికీ తిరుగుబాటుదారులకూ మధ్య సాగిన యుద్ధముంది. "నాది అయిదు వందల ముక్క, దానితో ఏమవుతుంది?" అంటావు. ఇల్లు దోచేవాడు బీరువాతో పాటు చెంబులూ ఎత్తుకుపోతాడు. చెంబు కొనేవాడు ఉంటాడని వాడికి తెలుసు.

ఇది పరదేశాల గొడవ అనుకుంటే, మన గోదావరి లోయ వైపు చూడు. ఒకప్పటి ఆదిలాబాద్ జిల్లాలో యామన్‌పల్లి అనే ఊరి దగ్గర కోటాసారస్ అనే డైనోసార్ ఎముకలు దొరికాయి. కనీసం పన్నెండు జంతువులవి. 1988లో శాస్త్రవేత్త పి. యాదగిరి దానికి ఆ ఊరి పేరు కూడా కలిపి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని నామకరణం చేశారు. హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో ఆ ఎముకలతో నిలబెట్టిన అస్థిపంజరం కింద నీవు చిన్నప్పుడు నా వేలు పట్టుకుని నిలబడ్డావు. పైన ఉన్న తల గురించి అప్పుడు నీకు చెప్పలేదు. ఆ జంతువు పుర్రె దొరకలేదు. దొరికినవి రెండు పళ్ళు మాత్రమే. ఆ రెండింటిలో ఒకటి తవ్వకంలో ఎవరి జేబులోకో వెళ్ళి, చేతులు మారి, ఎవరి గాజు అరలోకో చేరి ఉంటే ఎలా ఉండేదో ఆలోచించు. కొన్నవాడు రోజూ దాన్ని తుడుచుకుంటూ మురిసిపోయేవాడు. ఒక జాతి నోటి గురించి లోకానికి తెలిసినదానిలో సగం అతని గాజు అరలో ఉందని అతనికి తెలిసేది కాదు. మనవైపు మట్టిలో ఎముకలాంటి రాయి కనబడితే ఎత్తుకురాకు, కొనకు. ఉన్నచోటే ఫోటో తీసి, చోటు గుర్తుపెట్టుకుని, భూగర్భ సర్వేవాళ్ళకో దగ్గరి విశ్వవిద్యాలయానికో చెప్పు.

ఇంతా విని కొనాలనే ఉంటే, చిన్నదానితో మొదలుపెట్టు. విస్తారంగా దొరికే చిన్న అమ్మొనైటో, గవ్వో చాలు. దాని చట్టం, దాని దారి తేటగా ఉండాలి. ఏ ఊరు, ఏ పొర, ఎవరు తవ్వారు, ఎంత అతికారు, దేశం దాటడానికి కాగితముందా అని అమ్మేవాడికి ముందే రాయి. "మొరాకో" అన్న ఒక్కమాటను జవాబుగా తీసుకోకు. నిన్నెవరైనా ఊరు అడిగితే ఇండియా అని ఊరుకుంటావా? తెలియని చోట తెలియదని ఒప్పుకునే అమ్మకందారు దొరికితే అతన్ని వదులుకోకు. తవ్విన చేతి పేరు తెలిస్తే అదీ రాసుకో. ఇంగ్లండులోని లైమ్ రీజిస్ తీరంలో ప్రాణాలకు తెగించి కొండచరియల కింద తవ్విన మేరీ ఆనింగ్ శిలాజాలు మ్యూజియాలకు చేరినప్పుడు కొన్నవారి పేర్లు నిలిచాయి, ఆమె పేరు చాలాకాలం మరుగునపడింది. ఇంటికి వచ్చిన రాతి అడుగున, కనపడని చోట, కొద్దిగా వార్నిష్ పూసి ఆరాక నల్ల సిరాతో ఒక అంకె వేయి. అదే అంకెతో చీటీ, అదే అంకెతో పుస్తకంలో పద్దు. పాత చీటీ వస్తే ఎంత చిరిగినదైనా పారేయకు. చీటీ ఉన్న విరిగిన గవ్వ ముందు చీటీ లేని నిండు ట్రైలోబైటు దిగదుడుపే.

చివరగా, చెప్పడానికి బరువైన మాట. మోససార్ దవడ ముక్క ఒకటి నా దగ్గర ఉండేది. డబ్బు అవసరమై ఒక కాలేజీ కుర్రాడికి అమ్మాను. అసలుదనే నమ్మి అమ్మాను. రెండేళ్ళ తరువాత అలాంటిదే మరొకటి నీళ్ళలో నానబెట్టి చూస్తే పళ్ళు ఊడి చేతికి వచ్చాయి, ముద్ద ఇసుకగా విడిపోయింది. ఆ కుర్రాడి ఊరు వెతుక్కుంటూ వెళ్ళి డబ్బు తిరిగి ఇచ్చాను. కాదనకుండా తీసుకున్నాడు, మంచినీళ్ళు ఇచ్చాడు. కానీ అతను మళ్ళీ రాయి ముట్టలేదని తరువాత తెలిసింది. ఆ డబ్బు తిరిగి ఇవ్వగలిగాను గానీ, అతని ఇష్టాన్ని తిరిగి ఇవ్వలేకపోయాను.

అందుకే నా మొదటి ట్రైలోబైటును ఎవరు అడిగినా ఇవ్వలేదు, పారవేయనూ లేదు. పారవేస్తే చెత్తలోంచి ఏరి ఎవరైనా మళ్ళీ అమ్మవచ్చు. పై అరలో ఎడమ చివర ఉంది. దాని చీటీ ఇలా ఉంటుంది: "నం. 1. పోతపోసిన రెసిన్, అడుగున అసలు రాయి. చేసిన చోటు తెలియదు. ఎడమ మూడో ముల్లు అచ్చులోనే విరిగినది. అమ్మకానికి కాదు." ఆదివారం రా. వచ్చేటప్పుడు భూతద్దం తెచ్చుకో.