నోరులేని జీవి ముక్కుతుంటే

సఖినేటిపల్లి రేవులో పంటు కోసం ఎదురుచూసేవాళ్ళకి కాలక్షేపం రెండే: ఎదురుగా వశిష్ఠ గోదావరి, కాళ్ళ దగ్గర ఊరకుక్కలు. వాటిలో ఒకటి జనానికి దూరంగా జరిగి, నడుం వంచి, తోకెత్తి కూర్చుంటుంది. ముక్కుతుంది. ఏమీ రాదు. రెండడుగులు వేసి మళ్ళీ కూర్చుంటుంది. కొందరు నవ్వుతారు, కొందరు మొహం తిప్పుకుంటారు. "దాని కర్మ" అనేవాళ్ళూ ఉంటారు.

ఆ మాట అంత తేలిగ్గా అనేది కాదు. బాధ ఎందుకొచ్చిందో కర్మ చెబితే చెప్పొచ్చు. చూస్తున్నవాడు ఏం చెయ్యాలో మాత్రం ధర్మమే చెప్పాలి.

భారతంలో మొదట ఒక కుక్క, చివర ఒక కుక్క కనిపిస్తాయి. జనమేజయుడి యాగానికి వచ్చిన, సరమ అనే కుక్క కొడుకుని రాజు తమ్ముళ్ళు అకారణంగా కొడితే, అది తల్లికి చెప్పుకుంది. తల్లి వచ్చి రాజునే నిలదీసింది. 11వ శతాబ్దంలో ఇదే గోదావరి ఒడ్డున, రాజమహేంద్రవరంలో, నన్నయ ఈ కథను ఆదిపర్వం మొదట్లోనే తెలుగు చేశాడు. ఇక మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట నడిచిన కుక్క దారంతా నోరు విప్పదు. దాన్ని వదిలి స్వర్గానికి పోయే రథం ఎక్కనన్నాడు ధర్మరాజు. బాగుంది. కానీ అంత దూరం అది ఏం తిని బతికిందో, దాని కడుపెలా ఉందో ఎవరూ అడగలేదు!

మన ఊళ్ళలో కుక్కకు నాలుగు మెతుకులు పెట్టడం పాత ఆచారం. వైశ్వదేవంలో దానికీ ఒక ముద్ద ఉంది. ఇప్పుడు ఆ ముద్ద స్థానంలో ఆదివారం కోడి ఎముకలు పడుతున్నాయి. పుణ్యమనుకుని వేసిన ఆ ఎముకల నలుసులే పేగులో సున్నపు ముద్దలా గట్టిపడతాయి. కొరికి మింగిన కొబ్బరి పీచూ, నాకి మింగిన బొచ్చూ, తాగని నీళ్ళూ దానికి తోడవుతాయి. ముసలి మగకుక్కల్లో ప్రోస్టేట్ గ్రంథి ఉబ్బినా, బండి గుద్ది కటి ఎముక విరిగినా మలం వచ్చే దారి ఇరుకవుతుంది.

కుక్క మామూలుగా రోజుకి ఒకటి రెండుసార్లు వెళుతుంది. ఒక పూట తప్పినా హుషారుగా తింటూ తిరుగుతుంటే నీళ్ళు ఎక్కువ పట్టి, ఉప్పూ కారం లేని ఉడికిన తీపి గుమ్మడి కొంచెం పెట్టి చూడొచ్చు. రెండు రోజులు దాటితే మాత్రం పశువుల ఆసుపత్రికే. వాంతులు, రక్తం, ఉబ్బిన పొట్ట, తిండి మానేయడం, ముక్కుతూ ఏడవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రెండు రోజులు కూడా ఆగకూడదు. ఇంట్లో ఉన్న ఆముదమో, మనుషుల ఎనిమానో ప్రయోగించడం ప్రమాదం. రేవు ఊళ్ళలో ఇంకొకటి: గేలం దారం మింగిన కుక్క వెనక నుంచి దారం వేలాడుతుంటే లాగకూడదు, పేగు కోసుకుపోతుంది.

అసలు చిక్కు ఏమిటంటే, మూత్రం ఆగిపోయిన కుక్క కూడా అచ్చం ఇలాగే ముక్కుతుంది. అది గంటల్లో ప్రాణం మీదికి వచ్చే సంగతి. దూరం నుంచి చూసి "మలబద్ధకంలే" అనుకుంటే తెలియదు. దగ్గరికెళ్ళి, నేల తడిసిందా లేదా చూడాలి.

గీత అయిదో అధ్యాయంలో పండితుడు సమంగా చూసేవాటిలో కుక్క కూడా ఉంది. పెంటను పుల్లతో కదిపి చూడడం ఆ సమదృష్టిలోకి వస్తుందో రాదో వేదాంతులే తేల్చాలి. డాక్టరు గారు మాత్రం ఎన్నాళ్ళయింది, గట్టిగా ఉందా, రక్తం పడిందా అనే అడుగుతారు. ఇంటి కుక్కయితే యజమాని చెబుతాడు. రేవు కుక్క లెక్క ఎవరి దగ్గరుంటుంది? రోజూ దానికి బిస్కెట్టు వేసే టీ బడ్డీ ఆయన దగ్గర. "నిన్నట్నుంచి ముట్టుకోట్లేదండీ" అని చెప్పగలిగేది ఆయనొక్కడే.