అలవాటు మార్చుకునే ముందు అడగాల్సిన ప్రశ్న

జూన్ నెలలో బడులు తెరిచే రోజు మన తండాల్లో, పెంటల్లో ఒకే దృశ్యం కనబడుతుంది. ట్రంకుపెట్టె, బకెట్టు, చద్దరు పట్టుకొని పిల్లలు హాస్టల్‌కు బయలుదేరుతారు. దేవరకొండ పక్క తండా పిల్ల అయినా, అమ్రాబాద్ గుట్టల మీది చెంచు పిల్లగాడైనా మొదటి వారంలోనే ఒక మాట వింటారు. "ఇక్కడ మీ అలవాట్లు నడవవు." ఇది రాస్తున్న మేమూ ఆ మాట విని పెరిగినవాళ్లమే. ఇవాళ మాలో కొందరం పంతుళ్లమయ్యాం. మనకు తెలియకుండానే అదే మాట మన నోటి నుంచీ వస్తున్నది.

అన్నవాళ్లందరికీ చెడు ఉద్దేశం ఉండదు. తినేముందు చేతులు కడుక్కోవాలి, గంట కొట్టగానే లేవాలి, పుస్తకాలు ఒక దగ్గర పెట్టుకోవాలి అని చెప్పడం మంచిదే. కానీ అదే ఊపులో ఇంకొన్ని మాటలు వస్తాయి. మీ భాష మాట్లాడొద్దు. ఈసారి అమ్మను ఆ అద్దాల లంగాతో రావద్దని చెప్పు. పిల్ల ఈ మాటలన్నీ ఒకే మూట కట్టుకుంటుంది. దసరాకు ఇంటికి వచ్చినప్పుడు నాయనమ్మ గోర్‌బోలిలో పలకరిస్తే తెలుగులో జవాబిస్తుంది. చేతులు కడుక్కోవడం నేర్చుకున్న రోజే నాయనమ్మను చూసి సిగ్గుపడటం కూడా నేర్చుకున్నది.

అందుకని మనం ఒక ప్రశ్న వేసుకోవాలి. మనల్ని మనం బాగుచేసుకోవడమంటే ఏమిటి? ఏది వదలాలి, ఏది నిలుపుకోవాలి, దాన్ని తేల్చాల్సింది ఎవరు?

'అలవాటు' అనేది మన విషయంలో తేలిక మాట కాదు. 1871లో ఆంగ్లేయ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం చేసింది. కొన్ని తెగల్లో పుట్టినవాళ్లకు నేరం పుట్టుకతోనే వస్తుందని కాగితం మీద రాసింది. మద్రాసు ప్రెసిడెన్సీలో మన ఎరుకల అన్నదమ్ములు ఆ చట్టం కింద పోలీసుల దగ్గర హాజరు వేయించుకొని బతకాల్సి వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక, 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ ముద్ర తీసేశారు. కానీ దాని జాగాలో అనేక రాష్ట్రాల్లో 'అలవాటుపడ్డ నేరస్థుల' చట్టాలు వచ్చాయి. తెగ పేరు పోయింది, అలవాటు అనే పేరు వచ్చింది. "మీ అలవాట్లు" అనగానే మన పిల్లల ఒళ్లు ముడుచుకుపోవడానికి వెనుక ఇంత కథ ఉన్నది.

ఈ కథ తెలిసినవాళ్లు రెండు తప్పుల్లో ఒకటి చేస్తుంటారు. మొదటిది, గతిలేక వచ్చినదాన్ని అలవాటు అనడం. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు ఎన్నో ఊళ్లలో, తండాల్లో తరాల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకర్లు పోయాయి. నీటిలోంచి ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తీసే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ పేరే పెట్టుకున్నది. అంతటి కష్టం మనది. నడుము వంగిన మనిషికి నిటారుగా కూర్చునే అలవాటు నేర్పలేం. ఆయనకు కావాల్సింది మంచి నీళ్లు. పాలమూరు కూలీ సంగతీ అంతే. వానలు లేక, బోర్లు ఎండి, మేస్త్రీ వెంట తల్లిదండ్రులు బొంబాయికో పుణెకో పోతే పిల్లలు వెంట పోతారు. తిరిగొచ్చిన పిల్లవాణ్ని "బడి ఎగ్గొట్టే అలవాటు" అని రిజిస్టర్‌లో చూసి తిడితే అది అన్యాయం.

రెండో తప్పు దీనికి ఎదురుది. ప్రతిదాన్నీ గతిలేనితనం మీదికి నెట్టేయడం. గుడుంబా ఎందుకు తాగుతున్నాడంటే కష్టం మరిచిపోవడానికి. పిల్లకు పద్నాలుగేళ్లకే పెళ్లి ఎందుకంటే పేదరికం. భార్య మీద చెయ్యి ఎందుకు లేచిందంటే అప్పుల బాధ. కష్టం నిజం, అప్పు నిజం. కానీ అదే అప్పు భార్య మీదా ఉన్నది, ఆమె చెయ్యి లేవలేదు. మేం ఈ మాట రాయడానికి చాలాసేపు వెనుకాడాం. బయటివాళ్లు దీన్ని చదివి "చూశారా, వాళ్లే ఒప్పుకున్నారు" అంటారని భయం. ఆ భయంతో ఇన్నేళ్లు ఊరుకున్నందుకు దెబ్బతిన్నది మన ఆడవాళ్లు, మన ఆడపిల్లలే.

ఇక్కడ ఒక సంగతి నిదానంగా ఆలోచించాలి. పాత రోజుల్లో లంబాడీ పెండ్లిలో పిల్లవాడి తరఫువాళ్లే పిల్ల తరఫువాళ్లకు ఓలి ఇచ్చేవాళ్లు. ఓలి గొప్ప పద్ధతని మేం అనడం లేదు. అదీ ఆడపిల్లకు వెలకట్టడమే. కానీ ఆడపిల్ల పుడితే ఇల్లు మునిగిందనే భయం దానిలో లేదు. తర్వాత మనం ఊళ్లవాళ్లను, పట్నంవాళ్లను చూశాం. వాళ్లలాగా ఉండటమే నాగరికం అనుకున్నాం. మనలో కట్నం మొదట అడిగింది ఎవరు? నాలుగు అక్షరాలు నేర్చి, నౌకరీ తెచ్చుకొని, 'బాగుపడ్డ' మనమే. ఓలి పోయింది, కట్నం వచ్చింది.

1999, 2001 ప్రాంతంలో దేవరకొండ తండాల నుంచి పసి ఆడపిల్లలను అమ్ముతున్నారన్న వార్తలు దేశమంతా చదివింది. దానికి కట్నం ఒక్కటే కారణం కాదు. కరువు ఉన్నది, మగపిల్లవాడి కోసం ఎదురుచూపు ఉన్నది, బిడ్డలను బేరం పెట్టే దళారులు ఉన్నారు. కానీ కన్నబిడ్డ బరువుగా కనిపించడానికి కట్నం భయం కూడా కారణమే. అప్పుడు చాలామంది "లంబాడీల అలవాటు" అన్నారు. అది మన పాత అలవాటు కాదు. సిగ్గుతో మన పాతదాన్ని వదిలి, ఇంకొకరి చెడ్డను మంచిదనుకొని తెచ్చుకుంటే జరిగినది అది.

అంటే సిగ్గును తక్కెడ చేసుకుంటే తూకం తప్పుతుంది. "దీన్ని చూసి ఎవరు నవ్వుతారు?" అని అడిగి అలవాట్లు మార్చుకుంటే భాషను వదులుతాం, బట్టను వదులుతాం, కట్నాన్ని తెచ్చుకుంటాం. అడగాల్సిన ప్రశ్న వేరే ఉన్నది. "దీనివల్ల ఎవరికి దెబ్బ తగులుతున్నది?"

ఈ ప్రశ్నతో ఒక్కొక్కటి తూచి చూద్దాం. గోర్‌బోలి మాట్లాడితే ఎవరికీ దెబ్బ లేదు. పైగా రెండు భాషలు వచ్చిన పిల్లకు మూడోది నేర్చుకోవడం సులువవుతుంది. చేతులు కడుక్కోకపోతే చంటిబిడ్డకు విరేచనాలు పట్టుకుంటాయి, కాబట్టి అది మారాలి. తీజ్ పండుగకు ఆడపిల్లలు మొలకలు పెంచి ఆడిపాడితే దెబ్బ లేదు. అదే పండుగ రాత్రి తాగి కొట్లాడితే ఉన్నది. పద్దెనిమిదేళ్లు నిండక ముందే పిల్లకు పెండ్లి చేస్తే దెబ్బ ఆమె ఒంటికే తగులుతుంది. "మా ఆచారం" అన్న మాట దానికి అడ్డుగోడ కాకూడదు. పొద్దంతా ఫోన్ చూస్తూ కూర్చునే అలవాటు మన తాతలది కాదు, కొత్తది. దానివల్ల దెబ్బ ఎవరికో చెప్పనవసరం లేదు.

క్రమశిక్షణ బయటి నుంచి తెచ్చుకోవాల్సిన వస్తువని కొందరు అనుకుంటారు. మన ఇంట్లోనే ఉన్నదాన్ని మరిచిపోయాం. 1739లో గుత్తి ప్రాంతంలో పుట్టినట్టు మన పెద్దలు చెప్పుకునే సేవాలాల్ మహరాజ్ తాగొద్దని, దొంగతనం వద్దని, అబద్ధం వద్దని తండా తండా తిరిగి చెప్పాడు. ఫిబ్రవరి 15న ఆయన జయంతికి భోగ్ పెట్టి, సాయంత్రానికి సీసా తెరిచేవాళ్లం మనం. నల్లమలలో చెంచు పెద్దలు తేనె తీసేటప్పుడు పట్టు మొత్తం కోయరు. గడ్డలు తవ్వినప్పుడు మళ్లీ మొలిచేందుకు కొంత మట్టిలోనే వదిలేస్తారు. ఎదురుగా ఉన్నది, ఆకలిగా ఉన్నది, అయినా కొంత వదిలిపెట్టడం కంటే పెద్ద నిగ్రహం ఏముంటుంది? దానికి ఏ పుస్తకమూ అవసరం పడలేదు.

మరి అలవాటు మారడం ఎట్లా? మనసు గట్టిగా పెట్టుకుంటే చాలని ఉపన్యాసాల్లో చెబుతారు. మనసు కావాలి కానీ అది ఒక్కటే చాలదు. రెండు ఉదాహరణలు చూద్దాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు తమ బతుకు గురించి చదువుకొని, మాట్లాడుకొని, సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం జిల్లాలు దాటింది. 1993లో రాష్ట్రంలో సారాను నిషేధించాల్సి వచ్చింది. ఒక్కొక్క భర్తకు ఒక్కొక్క భార్య చెప్పినప్పుడు కానిది, అందరూ కూడినప్పుడు అయింది.

రెండోది మన భువనగిరి గుట్ట. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన లంబాడీ బిడ్డ మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా పిల్లవాడు ఆనంద్‌కుమార్ ఇక్కడి బండ మీదే ఎక్కడం మొదలుపెట్టారు. ఇద్దరూ గురుకులాల పిల్లలే. తర్వాత డార్జిలింగ్, లదాఖ్‌లలో శిక్షణ పొంది 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. ఆ బిడ్డ ధైర్యం గొప్పదే. కానీ బండ మీద ఆమె నడుముకు తాడు ఉన్నది, తాడు పట్టుకున్న మనిషి ఉన్నాడు, కింద కడుపు నిండా తిండి పెట్టిన బడి ఉన్నది. ఇవేవీ ఇవ్వకుండా పిల్లలకు "పూర్ణను చూసి నేర్చుకోండి" అని చెప్పే హక్కు మనకు లేదు.

కాబట్టి మన యువతకు మేం చెప్పేది చిన్న పని. ఒకేసారి పది మార్చుకోవాలని కూర్చోవద్దు. ఒక నెలకు ఒకటి పట్టుకోండి. రోజూ రాత్రి పది నిమిషాలు చదవడం కావచ్చు. ఇంటి అప్పు, వడ్డీ, కైకిలి డబ్బులు ఒక నోటుబుక్కులో రాయడం కావచ్చు. తీసుకున్నదెంత, కట్టిందెంత అని రాసి ఉంటే షావుకారు లెక్క ముందు నాయన తల దించుకోవాల్సిన పని ఉండదు. పట్టుకున్న పనిని ఒక దోస్తుకు చెప్పండి, వాడు పట్టుకున్నది మీరు అడగండి. అదే మీ తాడు. మధ్యలో ఒకరోజు తప్పితే "మన జాతికి ఇంతే" అనుకోకండి. అది 1871 నాటి చట్టం మాట. తెల్లారి మళ్లీ మొదలుపెట్టండి.

పెండ్లి ఈడు వచ్చిన తమ్ముళ్లకు ఇంకో మాట. కట్నం వద్దని పెండ్లిచూపుల నాడే, పెద్దల ముందు నోరు తెరిచి చెప్పండి. మన తరం తెచ్చుకున్న అలవాటును మన తరమే పంపించాలి.

పంతుళ్లకు, అంటే మాకు మేమే, ఒక మనవి. వచ్చే జూన్‌లో ట్రంకుపెట్టెతో ఒక పిల్ల గేటు దగ్గర నిలబడుతుంది. చేతులు కడుక్కోవాలని తప్పక చెబుదాం. ఎందుకు కడుక్కోవాలో కూడా చెబుదాం. ఆ తర్వాత, మీ నాయనమ్మ దగ్గర నేర్చుకున్నది ఏదైనా ఒకటి మాకు నేర్పు బిడ్డా అని అడుగుదాం. ఆమె చెప్పేది కూర్చొని విందాం.