గాంధారం ఊగే చోట

పాట నచ్చడం వేరు, పాటలో ఒక్క చోటు కోసం పాటంతా వినడం వేరు. ఫిడేలు పట్టినవాళ్లకి ఈ రెండో జబ్బు తొందరగా అంటుకుంటుంది. ‘జగదేకవీరుని కథ’లో ఘంటసాల గారి ‘శివశంకరీ’ మొదలవగానే చుట్టూ ఉన్నవాళ్లు సినిమా తలుచుకుంటారు. రామారావు గారు అయిదుగురై కనిపించడం, రాయి కరగడం. నేను గాంధారం కోసం కాచుక్కూర్చుంటాను.

1961లో పెండ్యాల నాగేశ్వరరావు గారు ఆ పాటని దర్బారీ కానడలో కట్టారు. ఆ రాగంలో గాంధారం నిలబడదు, ఊగుతుంది. హార్మోనియం మెట్టు నొక్కితే పలికే గాంధారానికీ దీనికీ చుట్టరికం పేరు వరకే. రిషభం వైపు ఒరుగుతుంది, ఇంకాస్త ఒరిగితే పడిపోతుందనగా లేస్తుంది, మళ్లీ ఒరుగుతుంది. పోనీ అలా ఊగి ఊగి తిన్నగా రిషభంలోకి దిగుతుందా అంటే, దిగనివ్వదు రాగం. ముందు మధ్యమం ఎక్కాలి, అక్కణ్ణించి రిషభం మీదికి రావాలి, అప్పుడే షడ్జం. గ మ రి స. ఇంటి గుమ్మం దాకా వచ్చి వీధి చుట్టి రావడం ఇది. ఇక ఘంటసాల గారిది బరువైన గొంతు. అంత నిండు గొంతు అంత నెమ్మదిగా ఊగుతూ ఒక్క చుక్క ఒలకనివ్వకపోవడం చూస్తుంటే నా వేళ్లు తీగ మీద ఊరికే ఉండలేవు. వాయించి చూస్తాను. స్వరం వస్తుంది. ఆ బరువు రాదు.

చిత్రమేమిటంటే, ఆ గాంధారాన్ని ఒక్కదాన్నీ కోసి తెచ్చి ఎవరికైనా వినిపిస్తే అందులో ఏమీ ఉండదు. గొంతు వణికిందేమో అనుకుంటారు. దాని ముందు ఎంతసేపు ఎదురుచూశామో, తర్వాత ఎటు పోతుందో అనే గుబులు ఎంతో, దాని విలువ అంత. ఈ రోజుల్లో ఫోనుల్లో పదిహేను సెకన్ల పాట ముక్కలు తిరుగుతుంటాయి కదా, ‘ఈ బిట్ అదుర్స్’ అని. అదిరేది ఆ బిట్టు కాదు నాయనా, దాని వెనకాల నువ్వు వినకుండా వదిలేసిన మూడు నిమిషాలు!

ఘంటసాల గారు చదువుకున్న విజయనగరం సంగీత కళాశాలకి ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ప్రిన్సిపాలు. ఫిడేలు నాయుడు గారు. ఆయన పాత రికార్డుల్లో నేను వెతికేది స్వరాన్ని కాదు, కమాను తిరిగే చోటుని. కమాను ఎంత పొడవున్నా ఎక్కడో ఒకచోట అయిపోవాలి, వెనక్కి తిరగాలి. తిరిగినప్పుడు నాదం తెగాలి. నాయుడు గారి దగ్గర అది చాలాసార్లు నాకు దొరకదు. దొరకనందుకు ఇంత సంతోషించే దొంగా పోలీసు ఆట మరోటి లేదు.

లక్కరికార్డుల కాలంలో ఒక వైపు మూడు నిమిషాలు, అంతే. గంటసేపు రాగం విస్తరించేవాళ్లకి అది శిక్ష. కానీ గౌహర్ జాన్‌ని చూడండి. 1902 నవంబరులో కలకత్తాలో, గ్రామఫోన్ కంపెనీ తరఫున వచ్చిన ఫ్రెడ్ గైస్‌బర్గ్ ఎదుట, రికార్డింగ్ కొమ్ములోకి పాడింది. మైనం ముద్రలు జర్మనీలోని హానోవర్‌కి వెళ్లాలి. అక్కడ డిస్కులు అచ్చు వేసేవాళ్లకి ఎవరి పాట ఏదో తెలియాలి. అందుకని పాట అయిపోగానే ఊపిరి కూడా తిప్పుకోకుండా, ఇంగ్లీషులో, తన పేరు తనే చెప్పుకుంటుంది. గుమాస్తా అవసరం కోసం పుట్టిన మాట అది. ఆవిడ నోట అది ముక్తాయింపు అయిపోయింది! ఎంత దర్జా, ఎంత కొంటెతనం. రాగం ఇంకా చెవిలో ఉండగానే మనిషి ఎదురొచ్చి నిలబడుతుంది.

అబ్దుల్ కరీం ఖాన్ సంగతి ఇంకో రకం. కిరానా ఘరానా ఉస్తాదు, సన్నని ఎత్తైన గొంతు. ఆయన త్యాగరాజస్వామి ఖరహరప్రియ కృతి ‘రామ నీ సమానమెవరు’ రికార్డు ఇచ్చారు. తెలుగు వింటూ పుట్టిన నాకు ఆ తెలుగు మొదటి అక్షరంలోనే ఒళ్లు జలదరిస్తుంది. మన ఖరహరప్రియ గమకాలతో బరువెక్కి నడుస్తుంది. ఆయన గొంతులో ‘రామ’ అన్న పిలుపు ఆభరణాలన్నీ తీసేసి వచ్చినట్టుంటుంది. ఉచ్చారణ తప్పులు పట్టేవాళ్లుంటారు, పట్టుకోనివ్వండి. దక్షిణాదిని అంతగా ప్రేమించిన ఆ మనిషి 1937లో పాండిచ్చేరి వెళ్లే దారిలో, సింగపెరుమాళ్ కోయిల్ రైల్వే ప్లాట్‌ఫారం మీద కన్నుమూశారు.

1967లో లండన్‌లో బీటిల్స్ ‘ఎ డే ఇన్ ది లైఫ్’ ముగించిన తీరు కూడా చెప్పాలి. నలభై మంది వాద్యకారులు తమ వాద్యాల్లో అట్టడుగు స్వరం నుంచి పైకొస దాకా, ఒకరితో ఒకరికి పొత్తు లేకుండా ఎక్కుతారు. గందరగోళం నెత్తికెక్కాక ఒక్క క్షణం ఖాళీ. ఆపైన మూడు పియానోలు, ఒక హార్మోనియం కలిసి ఈ-మేజర్ కార్డ్. నేర్చుకునే పిల్లలు మొదటి నెలలో వాయించే కార్డ్ అది! నలభై సెకన్లకి పైగా మోగుతుంది. నాదం సన్నగిల్లే కొద్దీ ఇంజినీరు మైకుల శక్తి పెంచుతూ పోయాడు. పెంచి పెంచి, చివరికి స్టూడియోలో ఒక కుర్చీ కిర్రుమన్నది కూడా పట్టుబడింది. ఆ కిర్రు నాకు ప్రాణం. అంతటి నాదం చుట్టూ ఊపిరి బిగబట్టి కూర్చున్న మనుషులున్నారని సాక్ష్యం చెప్పేది అదొక్కటే.

అన్నిటికన్నా ఎక్కువసార్లు నేను తిరిగి వెళ్లేది మాత్రం షికాగోకి, 1928 జూన్ 28కి. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌కి ఇంకా ఇరవయ్యారేళ్లు. కింగ్ ఆలివర్ కట్టిన ‘వెస్ట్ ఎండ్ బ్లూస్’. ట్రంపెట్ ఒంటరిగా, తాళం లేకుండా, పన్నెండు పదమూడు సెకన్ల పాటు మెట్లు ఎక్కి దిగుతుంది. లోకమంతా ఆ ఎత్తుగడనే పొగుడుతుంది, పొగడాలి కూడా. నా చోటు ఇంకా ముందుంది. ఎర్ల్ హైన్స్ పియానో గలగలలాడి తప్పుకున్నాక ఆర్మ్‌స్ట్రాంగ్ మళ్లీ వస్తాడు. వచ్చి ఏం చేస్తాడు? ఏమీ చేయడు. పై పంచమం ఒక్కటి పట్టుకుంటాడు. నాలుగు బార్లు, పదహారు దెబ్బలు. మన ఆదితాళంలో చూస్తే రెండు ఆవర్తాలు. కింద బ్యాండు నడుస్తూ కార్డ్‌లు మారుస్తుంటే, మారని ఆ ఒక్క స్వరానికి గడియకో రంగు. మొదట్లో అన్ని మెట్లు పరిగెత్తినవాడు కాబట్టే ఈ నిలబడటానికి ఇంత బలం. తర్వాత ఆ స్వరం పగిలి, జలజలా కిందికి దొర్లుతుంది, మళ్లీ మళ్లీ.

ఇక్కడితో ఆపేసినా ఎవరూ ఏమీ అనేవారు కాదు. కానీ బ్యాండు మెల్లగా కుదురుకుని ముగించబోతుండగా డ్రమ్మరు జూటీ సింగిల్‌టన్ చేతి తాళాలతో ‘టక్’ మనిపిస్తాడు. అంత ఘనకార్యానికి ముద్ర అదీ! చేతులు జోడించబోయినవాణ్ణి ఆ టక్కు ఫక్కున నవ్విస్తుంది. అది లేని ‘వెస్ట్ ఎండ్ బ్లూస్’ నాకెవరైనా ఊరికే ఇచ్చినా వద్దు.