అతుకున్న విల్లు ఒకటా, రెండా?

సంప్రదాయ విలువిద్య వైపు వచ్చేవాళ్లకు మొదట ఎదురయ్యే ప్రశ్న పైకి బేరం ప్రశ్నలాగే ఉంటుంది. ఏకఖండంగా ఉన్న పొడుగు విల్లు కొనాలా, పిడి దగ్గర విడదీసి సంచిలో పెట్టుకునే టేక్‌డౌన్ విల్లు కొనాలా? ఐదున్నర అడుగులు దాటిన బద్ద పట్టుకుని ప్రొద్దుటూరులో ఆర్టీసీ బస్సెక్కి జమ్మలమడుగులో దిగడం ఎంత తంటానో ఎవరైనా ఊహించగలరు. విడదీసే విల్లుకు ఆ బాధ లేదు. కానీ ఏకఖండం వైపు గట్టిగా నిలబడేవాళ్లు బస్సు సంగతి పట్టించుకోరు. అతుకు పడ్డాక అది అసలు విల్లే కాదని, రాముడి చేతిలో ఉండదగింది కాదని వాళ్ల పట్టు. ఆ పట్టు వెనక ఒక మతవిశ్వాసం ఉంది: విడదీయ వీల్లేనిదే పవిత్రమని. కడప జిల్లాలో దానికి పెద్ద ఆధారమే కనిపిస్తుంది. ఒంటిమిట్ట కోదండరామాలయంలో సీతారామలక్ష్మణులు ముగ్గురూ ఒకే శిలలో కొలువై ఉన్నారు, అందుకే ఆ ఊరిని ఏకశిలానగరమంటారు. ఆ శిల ముందు నిలబడ్డ భక్తుడికి అఖండమే గొప్పదనిపించడం సహజం. నేను ప్రశ్నించేది భక్తిని కాదు, దాన్నుంచి తీసే సిద్ధాంతాన్ని.

ఎందుకంటే అదే జిల్లాలో, అదే రాముడి పేరు మీద, దీనికి పూర్తిగా ఎదురు సాక్ష్యాలున్నాయి. ప్రొద్దుటూరు దగ్గర పెన్న ఒడ్డున ఉన్న ముక్తి రామేశ్వరంలో రాముడు ఇసుకతో లింగం చేసి ప్రతిష్ఠించాడని స్థలపురాణం. ఇసుక కంటే విడివిడిగా ఉండే పదార్థం ఏముంది? దేవుడు అక్కడ రేణువుల కుప్పలో నిలవడానికి అభ్యంతరపెట్టలేదు. పులివెందుల వైపు, పాపాఘ్ని నది కొండను చీల్చుకుని బయటపడే గండిలో, రాముడు బాణపు మొనతో బండ మీద ఆంజనేయుణ్ణి గీశాడని, ఎడమచేతి చిటికెనవేలు మాత్రం పూర్తికాలేదని చెప్పుకుంటారు. పూర్తికాని ఆ రూపానికే శ్రావణ శనివారాల్లో జనం పోటెత్తుతారు. ఇక జమ్మలమడుగు పక్కన గండికోట ఉంది. మాధవరాయ ఆలయంలో గోపురం నిలిచింది, గర్భగుడి ఖాళీగా ఉంది. కోటలోని రంగనాథాలయం చూసినప్పుడు శ్రీరంగం కథ గుర్తు రాక మానదు. పద్నాలుగో శతాబ్దపు దండయాత్రల్లో అక్కడి మూలవిరాట్టును కదపలేక గోడ కట్టి దాచారు. ఉత్సవమూర్తిని మాత్రం భక్తులు మోసుకుని ఊళ్లు తిరిగి చివరికి తిరుమల చేర్చారు, 1371లో తిరిగి శ్రీరంగానికి తెచ్చారు. కదలనిది, కదిలేది రెండూ దేవుడేనన్న అవగాహన మన ఆలయ వ్యవస్థలో పునాదిగానే ఉంది. ఒంటిమిట్టలో కూడా కల్యాణానికి బయటికి వచ్చేది ఆ ఏకశిల కాదు, ఉత్సవమూర్తులే.

అయితే అసలు ప్రశ్న ఇంకా అలాగే ఉంది. అతుకున్నది ఒకటెలా అవుతుంది? ముందు ఒక భ్రమ తొలగించుకోవాలి. ఇవాళ ఏకఖండమని అమ్మే పొడుగు విల్లుల్లో ఎక్కువ భాగం ఒకే చెక్కతో చేసినవి కావు. పలుచని చెక్క పొరలు, వెదురు పొరలు, పైనా కిందా ఫైబర్‌గ్లాస్, మధ్యలో జిగురు. అతుకులు బోలెడు ఉన్నాయి, కాకపోతే ఊడదీయలేం. ఒకే వెదురు బద్దనో ఒకే కొయ్యనో చెక్కి చేసిన విల్లు వేరే సంగతి, దాన్ని మాత్రమే నిజంగా ఏకఖండం అనాలి. విడదీసే విల్లు నిన్నమొన్న పడమటి నుంచి దిగుమతైన వింత కూడా కాదు. మొగలుల కాలపు ఉక్కు విల్లుల్లో కొన్నింటికి పిడి దగ్గర మరచుట్టు ఉంటుంది, తిప్పితే రెండు ముక్కలవుతాయి.

ఇక అతుకున్నది ఒకటెలా అవుతుందన్న ప్రశ్నకు వద్దాం. అవయవాలకు, అంటే భాగాలకు, వేరుగా అవయవి అనే మొత్తం ఉందా అని గౌతముడి న్యాయసూత్రాల రెండో అధ్యాయంలో ఒక చర్చ వస్తుంది. ఉన్నవి భాగాలే, మొత్తం అన్నది మనం పెట్టుకున్న పేరేనని బౌద్ధుల వాదం. నైయాయికులు చూపే హేతువుల్లో ఒకటి పట్టుకోవడం, లాగడం: ఒక భాగం పట్టుకుంటే అంతా పట్టుబడుతుంది, ఒక కొస లాగితే అంతా వస్తుంది, కనుక అంతా ఒకటి. విలుకాడికి ఇంతకంటే దగ్గరి తర్కం దొరకదు. కానీ ఆ సూత్రాల మీది వాత్స్యాయన భాష్యంలోనే దీనికి చిక్కు కనిపిస్తుంది. లక్కతో అంటించిన గడ్డి, రాయి, కొయ్య కూడా ఒకదాన్ని లాగితే అన్నీ వస్తాయి, అంతమాత్రాన వాటిని ఒకే వస్తువు అనగలమా? ఈ చిక్కు జిగురు విల్లునూ మర బిగించే విల్లునూ సమానంగానే పట్టుకుంటుంది. నాకు తోచే జవాబు ఇది: లక్క అంటించిన ముక్కలు కలిసి కదులుతాయి గానీ కలిసి కొత్త పని చేయవు. అల్లెతాడు ఎక్కించి లాగినప్పుడు పై బద్ద వంపు కింది బద్ద వంపును బట్టి ఉంటుంది. ఏ ఒక్కటీ తనంతట తాను బాణాన్ని పంపలేదు. విల్లు ఒకటయ్యేది అక్కడ, నారి బిగిసిన చోట. ఆ నారి ఏ విల్లుకైనా విడిగా ఉండే వస్తువే. పాండవులు జమ్మిచెట్టు మీద దాచినవి నారి దించిన విల్లులు. ప్రొద్దుటూరు దసరాలో జమ్మికి మొక్కేవాళ్లెవరూ ఆ రోజు గాండీవం గాండీవం కాకుండా పోయిందనుకోరు.

అతుకు బలహీనత కదా అన్నది న్యాయమైన అభ్యంతరం. కానీ ఇప్పటి పొడుగు విల్లుల్లో పిడి దాదాపు వంగదు, శక్తి బద్దల్లో నిలవవుతుంది, అతుకు పెట్టేది ఆ వంగని చోటే. పిడి దగ్గర కాస్త బరువు పెరుగుతుంది. మర వదులైతే చప్పుడొస్తుంది, బాణం దారి తప్పుతుంది, ప్రతిసారీ సరిచూసుకోవాల్సిందే. ఒప్పుకుంటాను. రెండో అభ్యంతరం నిష్ఠకు సంబంధించింది. బద్దలు మార్చి లాగే బరువు తగ్గించుకునే వీలుంటే మనసు నిలవదని, రాముడిలా ఒకే విల్లుతో ఉండాలని అంటారు. వాల్మీకి రాముడు అలా లేడు. పరశురాముడి చేతి విష్ణుధనుస్సు ఎక్కుపెట్టి దాన్ని వరుణుడికి అప్పగించాడు, అరణ్యంలో అగస్త్యుడి దగ్గర మరో విల్లు అందుకున్నాడు. జనకుడి ఇంట శివధనుస్సు మధ్యకు విరిగింది కూడా, అది విడదీసే రకమని ఎవరూ అనలేదు. చంచలత్వం విల్లులో ఉండే గుణం కాదు. పైగా కొత్తగా నేర్చుకునేవాడు తేలిక బద్దలతో మొదలుపెట్టి, భుజం బలపడ్డాక బరువైనవి వేసుకోవడం తప్పించుకోవడం ఎలా అవుతుంది?

ఇక మిగిలిన అభ్యంతరం నిజంగా గట్టిది. ఒక బద్ద చీలితే టేక్‌డౌన్‌లో కొత్తది వేస్తాం, తర్వాత రెండోది, ఎప్పుడో పిడి కూడా. అప్పుడది అదే విల్లా? ఆలయంలో జీర్ణోద్ధరణ జరిగేటప్పుడు మూర్తిలోని కళలను కలశంలోకి ఆకర్షించి, బాలాలయమనే తాత్కాలిక గుడిలో పూజ సాగిస్తారు, పాత శిల మారినా దేవుడు మారలేదంటారు. ఆగమం అలా అనగలగడానికి కారణం మధ్యలో పూజ తెగకపోవడం. విల్లుకు ఆగమం లేదు. తెగకుండా సాగేది ఉంటే గింటే విలుకాడి సాధన ఒక్కటే. కాబట్టి ఒక్కో భాగం ఒక్కోసారి మారుతూ, ప్రతి మార్పుకూ చేయి అలవాటు పడుతూ వచ్చినంత కాలం అదే విల్లు అంటాను. మూడూ ఒకే రోజు మార్చి అదే విల్లని వాదిస్తే మాత్రం బౌద్ధుల వైపే మాట్లాడతాను.