లాగకండి, తిప్పండి

మూడో స్ఫటికపు బొట్టు కూడా కొన విరిగింది. ‘‘మామయ్యగారూ, తీగను లాగకండి, తిప్పండి’’ అంది మా కోడలు, తన చేతిలో పని ఆపకుండానే.

ముప్పై ఏళ్ళు పిల్లలకు సంస్కృతం చెప్పినవాణ్ణి. గీత చెప్పేటప్పుడు ఏడో అధ్యాయం ఏడో శ్లోకం దగ్గర కాసేపు ఆగడం నాకు అలవాటు. దారంలో మణులు గుచ్చినట్టు ఈ జగత్తంతా తనలోనే కూర్చి ఉందని కృష్ణుడు అర్జునుడితో అనే చోటది. బల్ల మీద పడి ఉన్న మూడు పగిలిన బొట్లను చూస్తే సిగ్గేసింది. అన్నేళ్ళు ఆ ఉపమానం చెప్పాను గానీ, ఒక్క పూసనైనా నా చేత్తో గుచ్చి ఎరగను.

కోడలు ఇంట్లోనే లోలాకులు చేస్తుంది. రాగి తీగ, వెండి తీగ, రంగురాళ్ళు, పత్తర్‌గట్టి బజారు నుంచి ఏరి తెచ్చుకున్న ముత్యాలు ఆమె సరంజామా. గుండ్రటి పూసల కన్నా కన్నీటిబొట్టు ఆకారంలో ఉన్నవంటే ఆమెకు ఇష్టం. కింద బొద్దుగా, పైకి పోనుపోను సన్నగా, రాలబోయే ముందు ఒక్క క్షణం ఆగిన చినుకులా ఉంటాయవి. ఉద్యోగ విరమణ తరవాత పొద్దుపోక ఆమె బల్ల పక్కన కుర్చీ వేసుకున్నాను. చూస్తూ చూస్తూ చెయ్యి కూడా పెట్టాను.

మొదట గమనించింది బెజ్జం. జపమాలలో పూసకు బెజ్జం నట్టనడుమ ఉంటుంది. దారం దాని గుండెలోంచి దూరిపోతుంది, పూస దారం మీద కుదురుగా కూర్చుంటుంది. మా బొట్లకు అలా కాదు. బెజ్జం కొన దగ్గర, అడ్డంగా ఉంటుంది. దానికీ అంచుకీ మధ్య గోరు మందం రాయి ఉంటే గొప్ప. మామూలు పూసల్లా దారానికి గుచ్చుకుంటూ పోతే ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ అడ్డదిడ్డంగా తిరుగుతాయి. దీన్ని కూర్చోబెట్టలేం, వేలాడదీయాలి. బరువంతా కింద, పట్టు మాత్రం తలకాయ దగ్గర. అసలే పలచనైన చోటనే దీన్ని పట్టుకోవాలి.

కఠోపనిషత్తు రెండో అధ్యాయం కూడా బెజ్జాల మాటతోనే మొదలవుతుంది. యముడు నచికేతుడికి చెబుతాడు: సృష్టికర్త ఇంద్రియాలను బయటివైపుకే తొలిచి పెట్టాడట. అందుకే మనిషి బయటికే చూస్తాడు. ఎక్కడో ఒక ధీరుడు మాత్రం అమృతత్వం కోరి చూపును తిప్పుకున్నాడు. ఈ మంత్రం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ‘తిప్పుకున్నాడు’ అన్న మాట బరువు మాత్రం ఆ బల్ల దగ్గరే తెలిసింది. కళ్ళు పొడుచుకోమని యముడు అనలేదు. ఇంద్రియాలను బలవంతాన లాగి కట్టేయమనీ అనలేదు. బెజ్జం పడ్డది పడ్డట్టే ఉంటుంది. మారాల్సింది అందులోంచి వెళ్ళే తీగ దిశ.

పని చూడటానికి చిన్నది. 26 గేజ్ తీగ తీసుకుంటాం. గేజ్ అంకె పెరిగే కొద్దీ తీగ సన్నబడుతుంది. ఇది అర మిల్లీమీటరు లోపే ఉంటుంది. 15 సెంటీమీటర్లు కత్తిరించి బెజ్జంలోంచి దూర్చి, ఒక పక్కన రెండు మూడు సెంటీమీటర్ల తోక మాత్రం వదులుతాం. రెండు కొసలనూ బొట్టు భుజాల వెంట పైకి తెచ్చి, కొన మీద ఒకదాన్నొకటి దాటిస్తాం. అప్పుడది చిన్న గుడారంలా కనిపిస్తుంది. పొట్టి కొసను పొడుగు కొస చుట్టూ రెండు చుట్లు తిప్పి, మిగిలింది కత్తిరిస్తాం. పొడుగు కొసను నిటారుగా నిలిపి, గుండ్రటి ముక్కున్న ప్లయర్ మీదుగా వంచితే లూపు తయారవుతుంది. మిగిలిన తీగను మెడ చుట్టూ, అక్కణ్ణుంచి కిందికి, బెజ్జం కనబడకుండా కొనకు టోపీ పెట్టినట్టు చుట్టుకుంటూ వస్తాం.

నా బొట్లు విరిగింది గుడారం దగ్గర. వదులుగా ఉందనిపించి, బిగుతు కోసం కొసలు రెండూ పట్టుకుని పైకి లాగాను. లాగిన బలమంతా వెళ్ళి బెజ్జం అంచు మీద పడింది. మా కోడలు అలా చేయదు. కొసలు కలిసిన చోటును ప్లయర్‌తో పట్టుకుని, పొట్టి కొసను తిప్పుతుంది. అప్పుడు బలం ప్లయర్ మీద, తీగ మీద పడుతుంది గానీ రాయి దాకా పోదు. నా బొట్టుకూ ఆమె బొట్టుకూ బిగుతు ఇంచుమించు ఒకటే. ఆ బిగుతును ఎవరు మోశారన్నదే తేడా.

ధ్యానానికి కూర్చున్నవాళ్ళలో చాలామంది చేసే పొరపాటు ఇదే. నేనూ చేశాను. మనసు జారితే కోపం తెచ్చుకుని లాగడం, మళ్ళీ జారితే ఇంకా గట్టిగా లాగడం. నాలుగు రోజులకు తలనొప్పి, పదో రోజుకు విరక్తి. విరక్తి అంటే వైరాగ్యం కాదు, విసుగు. గీత ఆరో అధ్యాయంలో మనసును నిలపడం గురించి చెబుతూ కృష్ణుడు ‘మెల్లగా’ అన్న అర్థం వచ్చే మాటను రెండుసార్లు పలుకుతాడు. నేర్పేవాడు ఒక మాటను రెట్టించాడంటే, నేర్చుకునేవాడు తొందరపడతాడని తెలిసే.

ఆ అధ్యాయంలోనే అర్జునుడు మనసును వాయువుతో పోలుస్తాడు. గాలిని మూటగట్టలేనట్టే దీన్నీ పట్టలేనంటాడు. ఇక్కడే బృహదారణ్యకోపనిషత్తు గుర్తొచ్చింది. జనకుడి సభలో ఉద్దాలకుడు యాజ్ఞవల్క్యుణ్ణి నిలదీసి అడుగుతాడు: ఈ లోకం, పరలోకం, సమస్త భూతాలు ఏ సూత్రంతో కూర్చి ఉన్నాయో నీకు తెలుసా అని. యాజ్ఞవల్క్యుడు చెప్పిన జవాబు, వాయువు. అందుకే చనిపోయినవాడి అవయవాలు సడలిపోయాయి అంటారు, వాటిని కలిపి ఉంచిన సూత్రం వాయువే కదా అని వివరిస్తాడు కూడా. అర్జునుడికి పట్టుబడనిదేదో యాజ్ఞవల్క్యుడికి అన్నిటినీ పట్టి ఉంచేది అదే. పట్టుకోబోతే గాలి, పట్టుబడితే సూత్రం. ఊపిరినే చూడండి. బిగబట్టి లాగితే రొమ్ము నొప్పెడుతుంది. వచ్చేదాన్ని రానిచ్చి, పోయేదాన్ని పోనిస్తూ దాని వెంట చూపు తిప్పితే, అదే మనసుకు కట్టవుతుంది.

ఇక తీగ సంగతి. రాగి తీగ పడ్డ ప్రతి వంపునూ గుర్తుపెట్టుకుంటుంది. వంచిన చోట లోహం గట్టిపడుతుంది. లోపలి పొరలు జారి జారి ఒకదాంట్లో ఒకటి చిక్కుకుపోతాయి, ఇక జారే చోటుండదు. ఒకసారి వంపు తిరిగిన తీగను ఎంత చాపినా కొత్త తీగలా ఉండదు, వంపు నీడ మిగిలే ఉంటుంది. అక్కడే పదేపదే వంచి చాపితే చివరికి పుటుక్కున తెగుతుంది. మన పెద్దలు సంస్కారమనీ వాసన అనీ అన్నది దీన్నే. చేసిన పని అయిపోతుంది, అది వేసిన వంపు ఉండిపోతుంది. ఒక మనిషి మాటకు ఒకసారి నొచ్చుకుంటాం, రెండోసారి అదే చోట నొచ్చుకోవడం సులువు. పదోసారి ఆ మనిషి ఏమీ అనకపోయినా నొచ్చుకుంటాం.

మరి మందు? మా చిన్నప్పుడు వీధి చివర కంసాలి తీగ తీయడం నేను చూశాను. కమ్మచ్చు అనే బెజ్జాల పలకలో పెద్ద బెజ్జంలోంచి ఒకసారి, దానికన్నా చిన్నదాంట్లోంచి ఇంకోసారి లాగుతాడు. లాగే కొద్దీ తీగ సన్నబడుతుంది, బిరుసెక్కుతుంది. మొండికేసిందనిపించగానే ఆపేసి, ఊదుగొట్టంతో మంట ఊది, తీగను ఎర్రగా కాల్చి నీళ్ళలో వేస్తాడు. మళ్ళీ మెత్తగా, చెప్పినట్టు వినేలా బయటికొస్తుంది. ఉక్కును అలా కాల్చి ముంచితే గట్టిపడుతుంది, రాగి మెత్తబడుతుంది. నిప్పూ అదే, నీళ్ళూ అవే. తపస్సు అన్న మాటకు మూలం వేడి. కష్టంలో కాలిన ఇద్దరిలో ఒకరు బండబారతారు, ఇంకొకరు కరుణామయులవుతారు. మనం ఏ లోహమో వేడి తగిలినప్పుడే బయటపడుతుంది.

లాగడమంటే పూర్తిగా తప్పని కూడా అనలేను. కమ్మచ్చులో లాగకపోతే తీగ పుట్టనే పుట్టదు. ఆ లాగడం మన చేతిలో లేదు. పుట్టుక, కాలం, గురువు మనల్ని ఇరుకు బెజ్జాల్లోంచి లాగుతూనే ఉంటారు. అలా లాగబడ్డ తీగ ఇంకో బొట్టును పట్టుకోవాల్సి వచ్చినప్పుడు మాత్రం లాగకూడదు. తను పడ్డ బాధనే పద్ధతి అనుకుని పిల్లల మీదా శిష్యుల మీదా ప్రయోగించేవాళ్ళు ఈ తేడా మరిచినవాళ్ళే. నా తరగతి గదిలో నేనూ కొన్ని కొనలు విరిచి ఉంటాను.

నాలుగో బొట్టు విరగలేదు. కానీ వేరే తప్పు జరిగింది. మెడ ఊగుతోందని లూపును కూడా తీగతో గట్టిగా చుట్టి బిగించేశాను. చేత్తో పట్టి ఊపితే కదలదు, కొయ్యలా నిలబడింది. ‘‘ఇది లోలాకు కాదు మామయ్యగారూ, మేకు’’ అని నవ్వింది కోడలు. లోలాకు అన్న పేరే ఊగడంలోంచి వచ్చింది కదా!

అప్పుడు మా అమ్మ మెడలోని నల్లపూసలు గుర్తొచ్చాయి. బంగారు తీగతో అల్లినవి. ప్రతి పూసకూ ఇరుపక్కలా లూపు, ఆ లూపులో ఇంకో పూస లూపు. తీగ లోహమే అయినా ఆ గొలుసు ఆమె మెడ చుట్టూ నూలుదారంలా వాలేది. చుట్టు పూసను వదలదు, లూపు పూసను ఆపదు. రెండూ ఒకే తీగ ముక్క. అమృతబిందూపనిషత్తు బంధానికైనా మోక్షానికైనా మనసే కారణమంటుంది. ఒకటే మనసు రెండు విరుద్ధమైన పనులు ఎలా చేస్తుందని విద్యార్థులు అడిగేవారు. శాస్త్రం చెప్పి ఒప్పించేవాణ్ణి గానీ, నాకు కంటికి కట్టినట్టు కనబడింది ఇప్పుడే. తీగ తన మీద తనే బిగిస్తే చుట్టు, తన లోపల కాస్త ఖాళీ ఉంచుకుంటే లూపు. సంసారంలో ఉంటూనే అంటకుండా ఉండటమంటే, ఉన్న బంధాలను తెంచేయడం కాదు, బంధంలో ఆ పిసరంత ఖాళీ ఉంచడం. ఆ ఖాళీ లేని ప్రేమ మేకవుతుంది. చుట్టు లేని ప్రేమ ఎప్పుడో జారిపోతుంది.

ఐదోది కుదిరింది. కిటికీ వెలుగులో పట్టుకుని చూస్తే స్ఫటికం పైభాగం ఎర్రగా ఉంది. రంగు రాయి ఎలా వచ్చిందా అనుకున్నాను. రాయి తెల్లదే, టోపీలా చుట్టిన రాగి ఛాయ లోపల పడి మెరుస్తోంది. అద్వైతులు తరచూ చెప్పే దృష్టాంతం ఇదే. మందారం పక్కన స్ఫటికం ఎర్రగా కనిపిస్తుంది, ఎర్రబడదు. దేహం, మనసు లాంటి ఉపాధి రంగు ఆత్మ మీద పడినట్టుంటుంది, అంటదు. పుస్తకంలో మందారం విడిగా ఉంటుంది, తీసి అవతల పెట్టొచ్చు. ఇక్కడ ఏ తీగ బొట్టును పట్టి ఉంచుతోందో అదే రంగు పులుముతోంది. తీసేస్తే రంగు పోతుంది, బొట్టూ రాలిపోతుంది. కాబట్టి బతికున్నన్నాళ్ళు తీగను తీయనక్కర్లేదు, ఎరుపు రాయిది కాదని తెలిస్తే చాలు. జీవన్ముక్తి అన్న మాటకు నాకు దొరికిన అతి దగ్గరి అర్థం ఇది.

చివర ఒక పరీక్ష ఉంది. తీగ కొసను కత్తిరించి, చుట్ల సందులోకి నొక్కి దాచాలి. దాగిందో లేదో కంటికి తెలియదు. బొట్టును పాత పట్టుగుడ్డ మీద రాసి చూస్తాం. పోగు లేచిందంటే కొస ఇంకా బయటే ఉన్నట్టు, అది పెట్టుకున్నవాళ్ళ చెంపను గీరుతుంది. పనంతా బాగా చేశాక మిగిలే ఆ పిసరు కొసే ‘నేను చేశాను’ అన్నది. ఎంత చిన్నదో అంత గుచ్చుతుంది. దాన్ని లాగి పీకబోతే కట్టు ఊడుతుంది. లోపలికి తిప్పి నొక్కాలి.

సాయంత్రం జపానికి కూర్చున్నాను. మన భాషలో జపమాలను ‘తిప్పుతాం’ అంటాం, లాగుతాం అనం. 108 పూసలయ్యాక మేరువు తగిలితే దాన్ని దాటం, మాలనే వెనక్కి తిప్పి మళ్ళీ మొదలుపెడతాం. ఈ మాట నాకు మా తాత నేర్పాడు, అర్థం మా కోడలు చెప్పింది.

ఐదో బొట్టును పట్టుపంచె అంచు మీద రాసి చూశాను. సన్నటి పోగు ఒకటి లేచింది. మళ్ళీ ప్లయర్ చేతిలోకి తీసుకున్నాను.